బ్యాండ్‌లో రిజర్వ్ పిల్లల సంగతి ముందే తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే హనుమకొండ, కాజీపేట, వరంగల్ గ్రౌండ్లలో పొద్దున్నే డ్రమ్ముల చప్పుడు మొదలవుతుంది. ముందు ఆగస్టు 15 పరేడ్, ఆ తర్వాత స్కూల్ బ్యాండ్ పోటీలు, ఆపైన జనవరి 26. గెలిచిన జట్టు ఫొటో మీ జిల్లా పేజీలో వస్తుంది, చూసి మేమూ సంతోషపడతాం. ఆ ఫొటోలో లేని నలుగురైదుగురు పిల్లల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లను రిజర్వ్ అంటారు, కొన్ని బడుల్లో ఎక్స్‌ట్రా అంటారు. ప్రాక్టీసుకు అందరిలాగే చీకటితో లేచి వస్తారు, ఎండలో అందరితో సమానంగా నిలబడతారు, డ్రెస్సు డబ్బులు అందరిలాగే కడతారు, తీరా పోటీకి బయల్దేరే ముందు లిస్టు చదివి "మీరు ఆగిపోండి" అంటారు. అడిగితే, ఇది ఎప్పుడూ ఉండేదే కదా అంటున్నారు. ఎప్పుడూ ఉంది నిజమే, కానీ అది అన్యాయమని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను.

నేను పోలీసు బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ (బెల్టుతో ఒంటికి తగిలించుకుని రెండు కర్రలతో వాయించేది) వాయించి రిటైరైనవాణ్ణి, కాబట్టి రిజర్వ్‌లో ఉన్న పిల్ల ఎంత నేర్చుకోవాల్సి వస్తుందో నాకు తెలుసు. చూసేవాళ్లకు బ్యాండ్ అంటే అందరూ ఒకేలా వాయిస్తూ ఒకేలా నడవడం. లోపల సంగతి వేరు. వరుస మొత్తం పక్కకు తిరిగేటప్పుడు లోపలి కొసన ఉన్నవాడు దాదాపు ఉన్నచోటే కాళ్లాడిస్తాడు, బయటి కొసన ఉన్నవాడు పెద్ద పెద్ద అంగలు వేయాలి, నడుమ ఉన్నవాడు ఇద్దరికీ సరిపోయేలా అడుగు కొలుచుకోవాలి, కానీ ముగ్గురి కర్రలూ ఒకే దెబ్బ మీద పడాలి. జట్టంతా వెనక్కి తిరిగి ఎదురు దిశలో నడిచే కౌంటర్ మార్చ్‌లో ముందు వరుస తిరిగిన చోటికి వచ్చాకే వెనక వరుస తిరగాలి, కాబట్టి వెనకున్న వాళ్ల లెక్క వేరు. బేస్ డ్రమ్ పక్కన నడిచే పిల్లకు తాళం గుండెకే తగులుతుంటుంది, ఇక దూరంగా కొసన ఉన్న పిల్ల చెవిని నమ్ముకుంటే అరదెబ్బ వెనకబడిపోతుంది, అందుకని ముందుండి జట్టును నడిపించే డ్రమ్ మేజర్ చేతి కర్ర మీద నుంచి చూపు తిప్పకూడదు. జట్టులో ఖాయమైన పిల్ల వీటిలో తన చోటు ఒక్కటి నేర్చుకుంటే సరిపోతుంది. రిజర్వ్ పిల్ల మూడు నాలుగు చోట్లు నేర్చుకోవాలి, ఎప్పుడు ఎవరికి జ్వరం వస్తుందో తెలియదు కాబట్టి.

అదీ చాలా బడుల్లో డ్రమ్ లేకుండానే. ఉన్న డ్రమ్ములు జట్టుకే చాలీచాలకుండా ఉంటాయి, మిగిలిన పిల్లలు బెంచీ మీదో అరుగు మీదో కర్రలతో కొట్టుకుంటూ నేర్చుకుంటారు. డ్రమ్ తగిలించుకుంటే నడకే మారిపోతుంది, బెల్టు భుజాన్ని లాగుతుంది, అంగ వేసినప్పుడల్లా డ్రమ్ తొడకు కొట్టుకుంటుంది, ఇవన్నీ అలవాటు కావడానికి వారాలు పడుతుంది. అలాంటిది పోటీ రోజు పొద్దున ఆ పిల్లను పిలిచి డ్రమ్ తగిలించి "పో, వాడి చోట్లో నిలబడు" అంటే ఎలా వాయిస్తుంది? తడబడితే "అందుకే దాన్ని రిజర్వ్‌లో పెట్టినం" అంటారు. ఈ మాట నా చెవులతో విన్నాను, ఒళ్లు మండింది.

మా బిడ్డ కూతురు తొమ్మిదో తరగతి, వాళ్ల స్కూల్ బాలికల బ్యాండ్‌లో సైడ్ డ్రమ్. మొదట్లో అందరితో కలిపి తీసుకున్నారు, రిజర్వ్ అన్న మాటే ఎవరూ అనలేదు. డ్రెస్సు కుట్టించడానికి, బూట్లకు, ప్రయాణానికి అని డబ్బులు కట్టించుకున్నారు. దసరా సెలవుల్లో అందరి పిల్లలూ బతుకమ్మ ఆడుకుంటుంటే ఇది గ్రౌండ్‌కు పోయింది. పోటీకి ముందు రోజు ప్రార్థన అయ్యాక లిస్టు చదివారు, అందులో దీని పేరు లేదు, ఇంకో ముగ్గురివి కూడా లేవు. లేకపోవడం ఒక ఎత్తు, దీని కోటు ఇంకో పిల్లకు సరిపోతుందని అప్పటికప్పుడు విప్పించి ఇప్పించారు. ఇంటికొచ్చి "తాతా, నేను బాగా వాయించట్లేదా?" అని అడిగింది. బాగానే వాయిస్తుంది, మొహమాటానికి చెప్పట్లేదు, మొహమాటానికి చెప్పే అలవాటు నాకు లేదు, దీని రోల్, అంటే కర్రలను ఆపకుండా గబగబా ఆడించడం, జట్టులో సగం మంది కంటే శుభ్రంగా ఉంటుంది. ఎందుకు తీసేశారో మాత్రం ఈరోజుకీ ఎవరూ చెప్పలేదు. కట్టిన ప్రయాణం డబ్బుల్లో ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. పోటీకి పోయిన చోట ఎండకు ఒక పిల్ల కళ్లు తిరిగి కూర్చుండిపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచి జట్టు నడిచిందట, ఎందుకంటే ఆ చోటు నేర్చుకున్న పిల్లలు నలుగురూ ఇక్కడ ఇళ్లల్లో ఉన్నారు! నేర్పించింది ఆ అవసరం కోసమే కదా, మరి తీసుకుపోకపోతే ఇంతకాలం వాళ్లను ఎందుకు తిప్పినట్టు?

మా తమ్ముడి కొడుకు వాళ్లు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటారు, వాళ్ల అబ్బాయి అక్కడి హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నాడు, వాడి పుణ్యమా అని డ్రమ్ కోర్ అనేదాని గురించి చాలా తెలుసుకున్నాను, వీడియోలు కూడా చూశాను. అచ్చంగా పోటీ కోసమే తయారయ్యే బృందాలవి. ముఖ్యంగా బ్రాస్ వాద్యాలు (ట్రంపెట్ లాంటి ఇత్తడివి), డ్రమ్ములు, జెండాలు తిప్పేవాళ్లు ఉంటారు, ఫ్లూటు క్లారినెట్ లాంటివి ఉండవు. 1972 నుంచి జాతీయ స్థాయి పోటీలు జరుగుతున్నాయి, వయసు 21 దాటినవాళ్లను తీసుకోరు, ఎండాకాలమంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ రాత్రిళ్లు స్కూల్ జిమ్‌లలో నేల మీద పడుకుంటారు, ఫైనల్ ఆగస్టులో ఇండియానాపోలిస్‌లో. మైదానంలో దిగేవాళ్ల సంఖ్యకు గట్టి పరిమితి ఉంటుంది, ఒకప్పుడు 128, తర్వాత 150 అయింది, తర్వాత ఇంకా పెరిగింది. ఒక్కొక్కరికీ మైదానంలో ఏ క్షణాన ఎక్కడ ఉండాలో అంగుళాల లెక్కన రాసిచ్చిన చోటు ఉంటుంది. ఒకరికి కాలు మెలికపడితే ఆ చోటు ఖాళీగా స్టాండ్స్‌లో పైనుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకోసం ఆల్టర్నేట్లను, అంటే మన రిజర్వ్ లాంటివాళ్లను తీసుకుంటారు.

అక్కడంతా సవ్యంగా ఉందని నేననను. అక్కడ పిల్లలు వేల డాలర్లు ఫీజు కట్టి చేరతారు, ఆల్టర్నేట్‌గా ఉన్నవాళ్లు సీజన్ అంతా అందరితో తిరిగి, నీళ్ల డబ్బాలు మోసి, సామాను సర్ది, ఒక్క పోటీలోనూ దిగకుండా ఇంటికి పోవడమూ ఉంది, దాని మీద వాళ్లలో వాళ్లకు వాదనలూ ఉన్నాయి. కానీ కొన్ని చోట్ల ఒక పద్ధతి ఉంది. నిన్ను ఆల్టర్నేట్‌గా తీసుకుంటున్నాం, ఇష్టమైతే సంతకం పెట్టు, లేకపోతే వేరే బృందంలో ప్రయత్నించుకో అని మొదటే చెబుతారు. ఒప్పుకుని వచ్చిన పిల్ల బస్సులో ఉంటుంది, అందరితో తింటుంది, అవసరమైన పూట డ్రమ్ తగిలించుకుని దిగుతుంది. మన దగ్గర ఆ ముందు చెప్పడం అనేదే లేదు. చెబితే పిల్లలు ప్రాక్టీసుకు రారని భయం. అంటే ఆశ పెట్టి రప్పించుకుంటున్నామన్నమాట, పద్నాలుగేళ్ల పిల్లలతో!

రిజర్వ్‌లో ఉన్నవాళ్లు రెండో రకం అనుకునేవాళ్లకు ఒకటి గుర్తు చేస్తాను. టోక్యో ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు 41 ఏళ్ల తర్వాత పతకం వచ్చింది, 2021 ఆగస్టు 5న జర్మనీ మీద 5-4తో గెలిచిన ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టిన సిమ్రన్‌జీత్ సింగ్ మొదట ఎంపికైంది స్టాండ్‌బైగానే. కరోనా వల్ల నిబంధన మార్చి స్టాండ్‌బై ఆటగాళ్లనూ మ్యాచ్‌లోకి తీసుకోవచ్చని అన్నారు కాబట్టి దిగగలిగాడు. అలాగే 1966 ఫుట్‌బాల్ ప్రపంచకప్. ఇంగ్లండ్ గెలిచింది, ఫైనల్ ఆడిన 11 మందికే పతకాలు ఇచ్చారు, గాయంతో జట్టులో చోటు పోగొట్టుకున్న జిమ్మీ గ్రీవ్స్ లాంటివాళ్లకు ఇవ్వలేదు. గ్రీవ్స్ చోట్లో వచ్చిన జెఫ్ హర్స్ట్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టాడు. మిగతా ఆటగాళ్లకు చివరికి 2009లో పిలిచి పతకాలు ఇచ్చారు. మన పిల్లలకు ఒక సర్టిఫికెట్ కాగితం మీద పేరు రాయడానికి అన్నేళ్లు అక్కర్లేదు కదా.

బ్యాండ్ మాస్టర్ల బాధ నాకు తెలియనిది కాదు. విద్యాశాఖ, రక్షణ శాఖ కలిసి నడిపే జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలో బాలురకు, బాలికలకు విడివిడిగా బ్రాస్, పైప్ విభాగాలుంటాయి, రాష్ట్రం దాటి, జోన్ దాటి ఢిల్లీ ఫైనల్ దాకా పోయేవి 16 జట్లు. ఆ దారిలో ఎక్కడ ఒక్క అడుగు తప్పినా ఇంటికే. అందుకని బాగా వాయించే పిల్లలనే తీసుకోవాలి, అందులో తప్పు పట్టడానికేం లేదు, అందరికీ అవకాశం ఇవ్వాలని జట్టును చెడగొట్టమని నేను ఎన్నటికీ అనను, నేను కూడా పోటీల్లో వాయించినవాణ్ణే. కొందరు మాస్టర్లకు జీతం కూడా నెల నెలా సరిగా రాదు, ప్రయాణం ఖర్చు యాజమాన్యం ఇంతే అని కట్టేస్తుంది, ఆ ఇంతలోనే నలుగురిని వదిలేయాల్సి వస్తుంది. కాబట్టి నా ప్రశ్న మాస్టర్ల కంటే ముందు యాజమాన్యాలకు, ఆ తర్వాత జిల్లా విద్యాశాఖకు.

నేను అడుగుతున్నది పెద్ద కోరికలేం కావు. మొదటి ప్రాక్టీసు కంటే ముందే తల్లిదండ్రులకు ఒక కాగితం ఇవ్వండి, జట్టులో ఎందరు, రిజర్వ్ ఎందరు, లిస్టు ఎప్పుడు ఖాయమవుతుంది, మధ్యలో మార్చితే దేన్నిబట్టి మారుస్తారు అన్నది అందులో రాయండి. పోటీకి తీసుకుపోకపోతే ప్రయాణం డబ్బులు తిరిగి ఇచ్చేయండి, అసలు రిజర్వ్ పిల్లల నుంచి ఆ డబ్బులు తీసుకోకపోతే ఇంకా మంచిది. కనీసం ఇద్దరిని అయినా జట్టుతో పంపండి, అది వాళ్లకు దయ చూపడం కాదు, జట్టుకే అవసరం, పైన చెప్పిన సంగతి చూశారుగా. వారంలో రెండు పూటలు డ్రమ్ములు వాళ్ల మెడలో వేసి జట్టులోని పిల్లలను పక్కన కూర్చోబెట్టి నడిపించండి, పోటీ రోజు తడబడరు. ఇక ఆగస్టు 15, జనవరి 26 పరేడ్లలో మార్కులు లేవు, ఇంతమందే నడవాలన్న లెక్కా లేదు, ఆ రెండు రోజులూ అందరినీ నడిపించడానికి అడ్డమేంటో నాకు అర్థం కాదు. పోటీ సర్టిఫికెట్ జట్టుకే వస్తే, రిజర్వ్ పిల్లలకు బడి తరఫున ఒకటి ఇవ్వండి, ఏయే చోట్లు నేర్చుకున్నారో రాసి మరీ.

మన పక్కనే ఐలోని మల్లన్న జాతరలో, కొమురవెల్లిలో ఒగ్గు డోలు బృందాలు చూడండి. పెద్దవాళ్లు ముందు వరుసలో ఎగిరెగిరి వాయిస్తుంటే వెనకాల పదేళ్ల పిల్లగాళ్లు తమకు మించిన డోళ్లు వేసుకుని వచ్చిన కాడికి కొడుతుంటారు. వాళ్ల దెబ్బ తప్పితే పక్కవాడు కళ్లతో సైగ చేస్తాడు, అంతే, గుంపులోంచి వెళ్లగొట్టరు. నేను చూసిన బృందాలన్నిట్లో ఇంతే. జాతర వేరు, మార్కుల పోటీ వేరు, ఒప్పుకుంటాను. కానీ నేర్చుకునేవాళ్లను ఎక్కడ నిలబెట్టాలో మన జిల్లావాళ్లకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదని చెబుతున్నాను.

జిల్లా విద్యాశాఖాధికారులు ఈ ఏడాది బ్యాండ్ పోటీల సర్క్యులర్ పంపేటప్పుడు రిజర్వ్ పిల్లల గురించి రెండు వాక్యాలు చేర్చితే బడులన్నీ పాటిస్తాయి, చేర్చకపోతే ఎవరి ఇష్టం వాళ్లదే అవుతుంది. తల్లిదండ్రులు కూడా డబ్బులు కట్టే రోజునే "మా పిల్ల జట్టులోనా, రిజర్వ్‌లోనా" అని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. హనుమకొండ చుట్టుపక్కల ఏ బడి అయినా రిజర్వ్ పిల్లలకు విడిగా నేర్పించాలనుకుంటే సాయంత్రాలు నేను వస్తాను, డబ్బులేం వద్దు. నా దగ్గర రెండు పాత సైడ్ డ్రమ్ములున్నాయి, తోలు మార్పించి పెట్టాను, అవీ తెస్తాను.

– రిటైర్డ్ పోలీసు బ్యాండ్ డ్రమ్మర్, హనుమకొండ