పసుపు పాలు మెదడు దాకా వెళ్లవు సార్: ఒక బహిరంగ లేఖ

వైద్య పరిశోధన నిధులు చూసే అధికారి గారికి,

నమస్కారం. మూడు ఉత్తరాలు రాశాను, రెండుసార్లు మీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని వచ్చాను, జవాబు లేదు, అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

పుత్తూరులో మా నాన్నకు పక్షవాతం వచ్చిన పొద్దున ఎవరో చెప్పారని అమ్మ పసుపు పాలు పట్టింది. సగం మూతి పక్క నుంచి కారి తువ్వాలంతా పచ్చగా అయింది, మిగతాది పొలమారింది. తగ్గుతుందేమోనని చూసి చూసి తిరుపతి చేరేసరికి ఆరు గంటలు దాటింది. మెదడు నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. అమ్మను ఏమనగలను?

పసుపులోని కర్క్యుమిన్ ఎలుకల్లో మెదడు కణాలను కాపాడిన మాట నిజమే. కానీ అది నీళ్లలో సరిగా కరగదు, పేగుల్లో, కాలేయంలోనే చాలావరకు మారిపోతుంది, రక్తంలోకి చేరిన ఆ కాస్తకూ మెదడు రక్తనాళాల గోడ అడ్డం. కంటికి కనపడనంత చిన్న నానో రేణువుల్లో పెట్టి, ముక్కు ద్వారా పంపి ప్రయత్నిస్తున్నారు, మనుషులకు రుజువైన మందు ఇంకా రాలేదు.

శేషాచలం మూలికల గురించి ప్రతి సభలో చెబుతారు కదండీ, వాటి సారం మెదడుకు చేర్చే పనికి ఇక్కడి ల్యాబులకు డబ్బులివ్వండి. ఈలోగా, పక్షవాతం వస్తే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమని ప్రతి పీహెచ్‌సీలో తెలుగులో బోర్డు పెట్టించండి. నెలలోపు రాతపూర్వకంగా జవాబు కావాలి.

ఇట్లు,
పుత్తూరు నుంచి ఒక కొడుకు