అవుట్‌పుట్ పెన్నుతో రాస్తే ప్రోగ్రామింగ్ వస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తన సీ లాంగ్వేజ్ ల్యాబ్ రికార్డు తిరగేశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది, ప్రతి ప్రోగ్రామ్ కిందా అవుట్‌పుట్ (రన్ చేస్తే కంప్యూటర్ చూపించాల్సిన ఫలితం) కూడా పెన్నుతోనే రాసి ఉంది. ఇవన్నీ కంప్యూటర్‌లో రన్ చేసి చూశావా అమ్మా అంటే, "సీనియర్ల రికార్డు చూసి ఎక్కించేశాం నాన్నా, అందరూ అంతే" అంది. ప్రైమ్ నంబర్ల ప్రోగ్రామ్ మాత్రం కళ్ళు మూసుకుని రాసేస్తుంది.

సరే, నేను పుట్టిన తెలుగు సంవత్సరం పేరు చెప్పే ప్రోగ్రామ్ రాయమన్నాను. లెక్క చిన్నదే. 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది, పేర్లు 60, కాబట్టి పుట్టిన సంవత్సరంలోంచి 1987 తీసేసి, 60తో భాగించి, శేషం ఎంతొస్తే పేర్ల వరసలో ఆ నంబరు దగ్గర చూస్తే పేరు దొరకాలి. ముందు 60 పేర్లూ లూప్‌లో వరసగా వేయించబోతే చివర్లో ఏవో పిచ్చి అక్షరాలు వచ్చాయి. సీలో లెక్క సున్నా నుంచి మొదలై 59తో అయిపోతుంది, ఈమె 60 దాకా తిప్పింది. అది దిద్దుకున్నాక నేను పుట్టిన 1975 ఇస్తే శేషం -12 వచ్చింది. మైనస్ పన్నెండో పేరు ఎక్కడుంటుంది? సున్నా కన్నా తక్కువైతే 60 కలపమని ఒక ఇఫ్ పెట్టింది (పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో అయితే నేరుగా 48 అనే వస్తుందట, నాకూ అప్పుడే తెలిసింది). ఈసారి తెర మీద 'రాక్షస' అని పడింది. ఇంట్లో ఒకటే నవ్వులు. వంటింట్లోంచి మా అమ్మ, "రాక్షస ఏమిట్రా, నువ్వు సంక్రాంతి వెళ్ళిన వారానికి పుట్టావు, అది ఆనంద" అంది. నిజమే, ఉగాదికి ముందే పుట్టినవాడికి అంతకుముందు సంవత్సరం పేరే కదా. ఉగాది ఏటా ఒకే తేదీన రాదు గనక, పుట్టేసరికి ఆ ఏటి ఉగాది వెళ్ళిందా లేదా అని అడిగి, లేదంటే ఒకటి తగ్గించే ఇంకో ఇఫ్ వచ్చి చేరింది.

ఇదంతా అయ్యేసరికి రాత్రి పదకొండు. భోజనానికి పిలిచినా లేవలేదు.

లెక్చరర్లను తప్పుపట్టడం లేదు, ఒక్కో ల్యాబ్‌లో అంతమంది పిల్లలుంటే వాళ్ళు మాత్రం ఎందరి దగ్గర నిలబడతారు. కానీ పరీక్షలో చిట్టీ తీయించి, అందులో వచ్చిన ప్రోగ్రామ్ రాయించుకుని పంపేయడం ఆపొచ్చు కదా. రాసినదాంట్లోనే ఒక చిన్న మార్పు చెప్పి అక్కడికక్కడే చేయించండి. 1 నుంచి 100 దాకా ప్రైమ్ నంబర్లు రాశారా, 100 నుంచి కిందికి రమ్మనండి. బట్టీ పట్టినవాళ్ళు అక్కడే దొరికిపోతారు. అవుట్‌పుట్ చేత్తో రాసిన పేజీలకు మార్కులు కూడా ఆపేయండి. మా అమ్మాయికీ పోతాయి, పోనివ్వండి.

— ఒక తండ్రి, తెనాలి