వార్డులో నేర్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

బీఎస్సీ నర్సింగ్ చదివే పిల్లలకు క్లినికల్ పోస్టింగుల్లో, అంటే ఆసుపత్రి వార్డుల్లో చేసే శిక్షణలో, నూరు శాతం హాజరు ఉండాలనీ, వార్డులో ప్రతి పదిమందికీ ఒక అధ్యాపకురాలు ఉండాలనీ భారత నర్సింగ్ మండలి నిర్దేశించింది. మొదటి నిబంధన రిజిస్టర్లలో చక్కగా అమలవుతోంది. రెండోదాని సంగతే వేరు. నెల్లూరు జిల్లాలో నేను చూసిన వార్డుల్లో ట్యూటర్లు (కాలేజీ అధ్యాపకులు) పొద్దున హాజరు తీసుకుని వెళ్లిపోవడం, ఆ తర్వాత పిల్లలు బీపీలు రాస్తూ, శాంపిళ్లు ల్యాబుకు మోస్తూ మధ్యాహ్నం కాలేజీ బస్సు కోసం ఎదురుచూడడం మామూలే. ఈ పనులు చిన్నవని కాదు. మొదటి ఏడాది చేసిన పనే మూడో ఏడాదీ చేస్తే చదువు ముందుకు సాగదు.

ఉదయగిరి వైపు నుంచి పాముకాటు కేసు వచ్చిందనుకుందాం. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, తర్వాత వంచి చూస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే విషం రక్తానికి ఎక్కిందని అర్థం. ప్లాస్టిక్ గొట్టం ఎందుకు పనికిరాదో, మధ్యలో ఎందుకు కుదపకూడదో ఆ 20 నిమిషాల్లో పక్కన నిలబడి చెప్పేవారుంటే విద్యార్థిని దాన్ని జన్మలో మరిచిపోదు. చెప్పేవారు లేనప్పుడు ఆమె చేసేది ట్రే పట్టుకుని నిలబడడమే. వార్డంతా ఒకరిద్దరి మీద నడిచే చోట స్టాఫ్ నర్సులను తప్పుపట్టలేను; నేర్పాలన్న మనసున్నా వారికి తీరిక ఉండదు.

పోస్టింగు చివర లాగ్‌బుక్కులు (విద్యార్థులు తాము చేసిన పనులు నమోదు చేసే పుస్తకాలు) కట్టగా తెచ్చి సంతకాలు పెట్టించుకునే అలవాటు మానాలి. ఏ ప్రొసీజర్ చేసినా ఆ రోజే, చూసినవారే సంతకం చేయాలి. ప్రతి వార్డులో అనుభవమున్న ఒక నర్సుకు నేర్పే బాధ్యత అప్పగించి, ఆ షిఫ్టులో ఆమె చూడాల్సిన పడకలు తగ్గించాలి. ఆ పనికి కాలేజీలు పారితోషికం ఇవ్వడం న్యాయం. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయ తనిఖీ బృందాలు కాలేజీ ఫైళ్లతో సరిపెట్టుకోక, పదకొండు గంటల వేళ చెప్పకుండా వార్డుకు వెళ్లి ట్యూటర్ ఎక్కడున్నారో చూడాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
కావలి, నెల్లూరు జిల్లా.