బేగంపేట సీనరీ నిలబెట్టిన అందరికీ కృతజ్ఞతలు

నల్లగొండ నుంచి రాస్తున్నాను. ఫ్లైట్ సిమ్యులేటర్ 2004 (విమానం నడిపే కంప్యూటర్ గేమ్) లో బేగంపేట ఎయిర్‌పోర్ట్ సీనరీ, అంటే అక్కడి బిల్డింగులూ నేలా చూపించే ఫైళ్ళు, సరిగ్గా రావడం లేదు, తెలిసినవాళ్ళు ఎవరైనా చూడండని అడిగాను కదా, ఇప్పుడది పూర్తిగా పనిచేస్తోంది. సాయం చేసినవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను కానీ తృప్తి తీరలేదు, అందుకే నలుగురి ముందూ చెప్తున్నాను.

ఇంకా ఆ పాత గేమ్ ఎందుకని చాలామంది అడిగారు. మా కంప్యూటర్ కొత్త సిమ్యులేటర్లను మోయలేదన్నది నిజమే, కానీ అసలు కారణం అది కాదు. 2004 వెర్షన్ వచ్చింది 2003 లో. శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో. కాబట్టి ఆ గేమ్‌లో హైదరాబాద్ అంటే ఇంకా బేగంపేటే. మా చిన్నాయన చాలా ఏళ్ళు ఆ ఎయిర్‌పోర్ట్ బయట ట్యాక్సీ నడిపాడు, వందలమందిని దింపాడు, తాను మాత్రం విమానం ఎక్కలేదు. గేమ్‌తో పాటు వచ్చే బేగంపేటలో రన్‌వే ఉంటుంది, దాని పక్కన ఏ ఊరికైనా అవే పెట్టే బిల్డింగులు ఉంటాయి. చిన్నాయన ఒకసారి చూసి, "ఇది బేగంపేట ఎట్లయితదిరా" అని లేచిపోయాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

నా దగ్గరున్న సీనరీ ఎఫ్‌ఎస్‌ఎక్స్ (2004 తర్వాత వచ్చిన వెర్షన్) కోసం చేసినది. ఆ మోడళ్ళను (బిల్డింగుల 3డీ ఆకారాలను) 2004 చదవలేదు, డీడీఎస్ టెక్స్చర్లూ (వాటి మీద అతికించే బొమ్మల ఫైళ్ళు) దానికి పనికిరావు. దాన్ని తయారుచేసిన పాలమూరు అన్నను ఎలాగో పట్టుకుని అడిగితే, పక్కన పడేసిన హార్డ్ డిస్క్ వెతికి జీమ్యాక్స్ (3డీ మోడళ్ళు చేసే ప్రోగ్రామ్) ఒరిజినల్ ఫైళ్ళు తీసి, టెర్మినల్, టవర్, హ్యాంగర్లు అన్నీ 2004 కోసం మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి పంపారు. టెక్స్చర్లను ఒక్కొక్కటిగా 2004 చదివే బీఎంపీ రకంలోకి మార్చారు, రాత్రి లైట్ల కోసం వేరే బొమ్మలు గీశారు. ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో చిన్నపిల్లలను పెట్టుకుని, రూపాయి తీసుకోకుండా చేసిన పని ఇది. అన్నా, మీ ఓపికకు దండం.

అంతా వేశాక ఇంకో చిక్కు వచ్చింది. ఎయిర్‌పోర్ట్ కింద నేలను గేమ్ తనంతట తానే చదును చేస్తుంది, కానీ ఆ హద్దు చిన్నది, అన్న చేసిన ఏప్రాన్ (విమానాలు ఆగే చోటు) దాన్ని దాటిపోయింది. నేను టెర్రైన్ మెష్ (నేల ఎత్తుపల్లాలు చూపించే ఫైల్) కూడా వేసుకున్నందువల్ల, హద్దు దాటిన చోట నేల వరి పొలం గట్టులా లేచి టెర్మినల్ ముందుభాగాన్ని సగం మింగేసింది, ఇంకో వైపు ఫెన్సింగ్ గాల్లో తేలుతోంది. మిర్యాలగూడ తమ్ముడు రాత్రి నాతోపాటు కూర్చుని (ఆయన అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో ఫోన్) ఎయిర్‌పోర్ట్ చుట్టూ కొత్త హద్దు గీసి, నేలను బేగంపేట అసలు ఎత్తు 1742 అడుగులకు చదును చేసే ఫైల్ రాసిచ్చాడు. అయినా పార్కింగ్ గీతలు రెండేసి కనిపిస్తుంటే వదల్లేదు, ఫోల్డర్లన్నీ గాలించి, ఏదో ట్రాఫిక్ ప్యాకేజీతో (గేమ్‌లో వేరే విమానాలను తిప్పేది) వచ్చిన రెండో ఏఎఫ్‌క్యాడ్ ఫైల్ (రన్‌వే, పార్కింగ్ వివరాలు ఉండేది) పట్టుకున్నాడు. దాన్ని తీసేయగానే అంతా శుభ్రంగా వచ్చింది. డిగ్రీ చదివే కుర్రాడికి ఇంత నిదానం ఉండడం చూసి ముచ్చటేసింది.

చౌటుప్పల్ పెద్దాయన తన ఆల్బమ్‌లోని పాత ఫోటోలు స్కాన్ చేసి పంపారు. వాటిని చూసే టెర్మినల్ ముందువైపు రంగులు సరిచేయగలిగాం. మీకు ప్రత్యేకంగా నమస్కారాలు.

పోయిన ఆదివారం చిన్నాయనను కూర్చోబెట్టి, సికింద్రాబాద్ వైపు నుంచి 27 నంబర్ రన్‌వే మీద 737 విమానం దించాను. ఎడమపక్క హుస్సేన్ సాగర్ కనబడగానే ముందుకు వంగాడు. దిగాక కెమెరాను టెర్మినల్ బయటికి తిప్పితే, స్క్రీన్ మీద వేలు పెట్టి తన బండి ఎక్కడ ఆపేవాడో, వాన వస్తే డ్రైవర్లందరూ ఎటు ఉరికేవాళ్ళో చూపించాడు. మా పిన్నిని కూడా కేకేసి పిలిచాడు. ఆయన అంతసేపు మాట్లాడడం నేను ఈమధ్య చూడలేదు. ఆ గంట మీరు ముగ్గురూ ఇచ్చిందే.

ఫైల్ కావలసినవాళ్ళు అడగండి, అన్న అనుమతి ఇచ్చారు. అమ్మకానికి పెట్టొద్దు, దానితో వచ్చే రీడ్‌మీ నోటు తీసేయొద్దు, అంతే ఆయన షరతు. వేసుకునేటప్పుడు గేమ్‌లోని సీనరీ లైబ్రరీ జాబితాలో దీన్ని మెష్ కంటే పైన ఉంచండి, బేగంపేటకు ఇంకో ఏఎఫ్‌క్యాడ్ ఎక్కడైనా ఉందేమో ముందే చూసుకోండి. ఎక్కడైనా ఆగిపోతే నాకు చెప్పండి, నేర్చుకున్నంతవరకు నేనూ కూర్చుంటాను. ఇంకొక్క మాట, అన్న ఇప్పుడు హ్యాంగర్ల వెనకవైపు చేస్తున్నారు, 2008 కి ముందు ఆ పక్క తీసిన ఫోటోలు ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి పంపండి.