నాన్న వినిపించుకోవట్లేదా, నాన్నకి వినిపించట్లేదా?

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. మొన్న ఫోన్‌లో నాన్న గురించి నువ్వు చెప్పినవన్నీ విని నవ్వాను గానీ, పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచన. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది, ఏం చెప్పినా వినిపించుకోరు" అన్నావు కదా. వినిపించుకోకపోవడం వేరు, వినిపించకపోవడం వేరు. ఈ మాట ఫోన్‌లో మొదలుపెడితే మధ్యలో నువ్వు వేరే సంగతిలోకి వెళ్లిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీ. వార్డులో ఒక పెద్దాయన. పేరేమిటండీ అంటే "అవును" అన్నారు. నొప్పి ఎక్కడ అంటే "నిన్నటి నుంచి" అన్నారు. పొద్దున డ్యూటీ అప్పగిస్తూ "మనిషి కాస్త అయోమయంలో ఉన్నారు" అని చెప్పాను, రికార్డులో రాశాను కూడా. పగటి డ్యూటీకి వచ్చిన సీనియర్ సిస్టర్ నన్నేమీ అనలేదు. మంచం పక్క సొరుగు లాగింది. అందులో టిష్యూ కాగితంలో చుట్టి ఆయన చెవి మిషన్. బ్యాటరీ అయిపోయి ఉంది. కొత్తది వేసి చెవిలో పెట్టగానే ఆయన మొదటి మాట: "రాత్రి ఆ అమ్మాయి ఏదో అడుగుతూనే ఉంది, నాకు ఒక్క ముక్క వినపడలేదు." ఆ అమ్మాయిని నేనే. ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

అప్పటినుంచి మనిషి చెవి ముట్టుకోకముందే సగం పరీక్ష అయిపోవాలని పెట్టుకున్నాను. గదిలోకి వెళ్లగానే చూస్తాను. మాట్లాడుతుంటే తల ఒక పక్కకి తిప్పుతున్నారా? నా కళ్లలోకి కాకుండా పెదాల వైపు చూస్తున్నారా? కావాలనే వీపు తిప్పి, ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ ఒక చిన్న ప్రశ్న వేస్తాను. ఎదురుగా ఉన్నప్పుడు చక్కగా జవాబిచ్చిన మనిషి అప్పుడు మౌనంగా ఉండిపోతే నాకు విషయం అర్థమైపోతుంది. నాన్న నీతో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు బాగానే మాట్లాడతారు, లోపలి గదిలోంచి పిలిస్తే పలకరు అన్నావు చూడు, నాకు అనుమానం వచ్చింది అక్కడే.

తర్వాత ప్రశ్నలు. ఒక చెవా, రెండూనా? మెల్లగా తగ్గిందా, ఉన్నట్టుండి పోయిందా? చెవిలో గుయ్‌మని మోత ఉందా, కళ్లు తిరుగుతున్నాయా, చీము కారుతోందా? ఏ మందులు వాడారు? కొన్ని రకాల మందులు లోపలి చెవిని దెబ్బతీస్తాయి. జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్ అలాంటివే. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ వాడినా చెవిలో మోత మొదలవుతుంది. పని ఎక్కడ చేశారని కూడా అడుగుతాం. నాన్న అన్నేళ్లు యంత్రాల రొదలో నిలబడిన మనిషి, చెవులకి ఏ అడ్డూ లేకుండా. డాక్టర్‌కి ఇది తప్పకుండా చెప్పు, ఆయనంతట ఆయన చెప్పరు.

ఆ తర్వాతే చెవి చూడటం. రంధ్రం ముందుండే చిన్న బుడిపెని నొక్కినా, చెవి డొప్పని కదిపినా నొప్పి పుడితే సాధారణంగా బయటి గొట్టంలో ఇన్ఫెక్షన్. చెవి వెనక ఎముక మీద వాపు, నొప్పి ఉంటే అది వేరే సంగతి, వెంటనే డాక్టర్‌ని పిలుస్తాం. లోపల చూడటానికి ఓటోస్కోప్ పెడతాం, చిన్న లైటూ భూతద్దమూ ఉన్న పరికరం. పెద్దవాళ్లకైతే డొప్పని పైకి, వెనక్కి లాగాలి, అప్పుడే వంకర గొట్టం తిన్నగా అవుతుంది. చిన్నపిల్లలకి కిందకి, వెనక్కి లాగుతాం. ఓటోస్కోప్ పట్టుకున్న చెయ్యి వేళ్లని రోగి చెంపకి ఆనించి ఉంచుతాను. ఆయన ఉలిక్కిపడి తల తిప్పినా నా చెయ్యీ తలతోపాటే కదులుతుంది, లోపల గుచ్చుకోదు. ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యంలా బూడిద రంగులో మెరుస్తుంది, దాని మీద మూడు మూలలుగా వెలుగు పడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే ఉంటుంది. చాలామందిలో మాత్రం ఆ ముచ్చట తీరనివ్వకుండా గులిమి అడ్డం పడుతుంది.

దాన్ని లోపలికి కూరేది ఎవరనుకున్నావు? మనమే, బడ్స్‌తో. చెవి తనంతట తనే గులిమిని బయటకి తోసుకుంటుంది. నాన్న చేతిలో బడ్స్, పిన్నీసు లాంటివి కనిపిస్తే లాగేసుకో.

వినికిడి చూడటానికి మా దగ్గర ఒక గుసగుస పరీక్ష ఉంది. రోగి వెనక చేయి చాచినంత దూరంలో నిలబడతాం, పెదాలు కనపడకూడదు. రెండో చెవి బుడిపె మీద వేలితో మెల్లగా రుద్దుతూ దాన్ని మూసేస్తాం. ఊపిరి పూర్తిగా వదిలేసి, అప్పుడు గుసగుసగా మూడు అంకెలూ అక్షరాలూ కలిపి చెప్తాం. ఊపిరి వదలకపోతే తెలియకుండానే గొంతు పెరుగుతుంది, పరీక్ష చెడిపోతుంది. మూడూ తిరిగి చెప్తే సరే. లేకపోతే ఇంకో మూడు. ఆరింటిలో కనీసం మూడు రాకపోతే మరిన్ని పరీక్షలకి పంపుతాం.

కొడితే మోగే రెండు కొమ్ముల ట్యూనింగ్ ఫోర్క్‌తో చేసేది ఇంకా సరదాగా ఉంటుంది. నువ్వు ఫోర్క్ లేకుండానే చూడొచ్చు: ఒక చెవిని వేలితో మూసుకుని "మ్‌మ్‌" అని కూనిరాగం తియ్యి. మూసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. 512 హెర్ట్జ్ ఫోర్క్‌ని మోగించి నడినెత్తిన పెట్టినా అంతే, గులిమి అడ్డుపడిన చెవి వైపుకే శబ్దం పోతుంది. అదే నరం దెబ్బతిని ఉంటే మంచి చెవి వైపు పోతుంది. అడ్డా, నరమా అన్నది ఇంత చిన్న ఇనుప ముక్కతో దాదాపు తేలిపోతుంది. కచ్చితమైన లెక్క మాత్రం ఆడియోమెట్రీలోనే, అంటే యంత్రంతో చేసే వినికిడి పరీక్షలోనే.

నాన్నది వయసుతో వచ్చేదే అని నా అనుమానం. అది ముందు సన్నటి శబ్దాలని తినేస్తుంది. స, ష, ఫ, త లాంటివి జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే "వినిపిస్తోంది గానీ ఏమంటున్నావో తెలియట్లేదు" అంటారు. అంటే నీ సామెతలోని శంఖం నాన్నకి బాగానే వినిపిస్తుంది, అది బొంగురు శబ్దం. వినపడనిది నీ సన్న గొంతే. నువ్వు అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి, పైగా నువ్వు తిడుతున్నావనుకుంటారు. ఆయన ఎదురుగా వెలుతురులో నిలబడి, ముందు పిలిచో, భుజం తట్టో, మెల్లగా చెప్పు. అర్థం కాకపోతే అదే మాట మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో మూగబోతే, జలుబు వల్లేలే అని ఊరుకోవద్దు. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. మందు తొందరగా మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం.

మామూలు పరీక్షకి ఈ వారంలో తీసుకెళ్లు. "నాకేం చెవుడు లేదు" అని గొడవ చేస్తారు. గులిమి తీయించుకుందాం రమ్మని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. ఆదివారం నేను ఫోన్ చేసినప్పుడు ఆయన ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటున్నారో, మధ్యలో మారుస్తున్నారో చూసి నాకు మెసేజ్ పెట్టు. ఆయనకి తెలియకుండా.

నీ
పెద్దమ్మాయి