గొంతు అరువు తెచ్చుకుంటే పేరు కూడా వేయాలి

ఎడిటర్ గారికి,

సెలవులకు వచ్చిన మా మనవడి పుణ్యమా అని నెల రోజులుగా తెలుగు డబ్బింగ్ కార్టూన్లు చూస్తున్నాను. ఎలుకైనా, ఏనుగైనా, దొంగైనా, పోలీసైనా అన్నిటికీ ఒకటే కీచు గొంతు, కళ్లు మూసుకుంటే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసి చావదు.

అమెరికాలో హన్నా-బార్బెరా అనే కార్టూన్ స్టూడియో వాళ్లు 1950ల చివర్లో టీవీకి కార్టూన్లు తీసేటప్పుడు బడ్జెట్ తక్కువ. బొమ్మ ఒళ్లంతా కదలదు, తలా నోరూ ఆడితే గొప్ప. ఇక నవ్వించాల్సింది గొంతే కదా, అందుకని జనం చెవులకి అప్పటికే అలవాటైన హాస్యనటుల మాటతీరు పట్టుకున్నారు. 'ది హనీమూనర్స్' అనే టీవీ కామెడీ షోలో ఆర్ట్ కార్నీ వేసిన మురుగుకాల్వల పనివాడి యాస, ఆ టోపీతో సహా, యోగి ఎలుగుబంటికి వచ్చింది. 1960లో వచ్చిన 'ఫ్లింట్‌స్టోన్స్' అయితే దాదాపు ఆ షోనే, రాతియుగంలోకి మార్చారంతే. మరుసటి ఏడాది 'టాప్ క్యాట్' పిల్లి అంటే ఫిల్ సిల్వర్స్ తన టీవీ కామెడీ షోలో వేసిన సార్జెంట్ బిల్కోనే, అదే మాటల గారడీ, అదే చేతివాటం. ఆ బిల్కో షోలో సిపాయిగా వేసిన మారిస్ గాస్‌ఫీల్డ్ చేతే ఇక్కడ బెన్నీ పిల్లికి గొంతు చెప్పించారు.

ఉత్త మిమిక్రీ అయితే ఇన్నేళ్లు నిలిచేది కాదు. యోగికి గొంతిచ్చిన డాస్ బట్లర్ ఆ లయ తీసుకుని దానికి వేరే బుద్ధి అతికించాడు, పిక్నిక్ బుట్టల మీద యావ అంటే ఇక యోగిదే.

అసలు చెప్పాలనుకున్నది బెర్ట్ లార్ గురించి. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలో పిరికి సింహం ఆయనే. ఒక క్లీనింగ్ లిక్విడ్ టీవీ ప్రకటనలో కార్టూన్ బాతుకి వేరెవరి చేతో అచ్చం ఆయనలాగే మాట్లాడిస్తే, నా గొంతుతో నన్నడక్కుండా వ్యాపారమేంటని కోర్టుకెళ్లాడు. ఈ దావాలో పసలేదని కింది కోర్టు కొట్టేసినా, 1962లో పై కోర్టు ఉందనే చెప్పింది. హన్నా-బార్బెరా వాళ్ల గులాబీ రంగు కొండసింహం స్నాగుల్‌పస్ కూడా ఆయన సాగదీతే, చెప్పింది బట్లర్. ఆ బొమ్మ పొద్దున్నే పాలల్లో వేసుకు తినే సీరియల్ (కార్న్‌ఫ్లేక్స్ లాంటిది) ప్రకటనల్లోకి వచ్చేసరికి లార్ మళ్లీ అడ్డం తిరిగాడు, దాంతో గొంతు బట్లర్‌దని తెరమీద వేయాల్సి వచ్చింది. ముసలాయన చాదస్తం అనుకునేవాళ్లు ఉంటారు, నాకైతే న్యాయమే అనిపిస్తుంది.

మనకి గొంతుల కరువా చెప్పండి? రమణారెడ్డి గారి విరుపు ఒక బక్క నక్కకి పెట్టండి, రేలంగి గారి అమాయకత్వం ఎలుగుబంటికి, 'ఆమ్యామ్యా' అనే అల్లు వారి నంగితనం ఏ లంచగొండి కోతికో. మొన్న ఆ నక్కని నేనే చేసి చూపిస్తే మావాడు టీవీ సౌండ్ తగ్గించి మళ్లీ చేయమన్నాడు.

అయితే ఎవరి బాణీయో, చెప్పిందెవరో ఇద్దరి పేర్లూ వేయాలి. ఇప్పుడు ఎపిసోడ్ చివర పేర్లు మొదలవగానే ఛానెల్ వాళ్లు ప్రకటన తోసేస్తున్నారు, ముందు అదైనా ఆపమని మీ పేపర్లో గట్టిగా రాయండి.

- ఒక పాఠకుడు, రాజమండ్రి