విసురు వల నేర్చుకునేవారికి కన్ను కొలత చెప్పేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారములు.

అయ్యా,

కర్నూలులో తుంగభద్ర ఒడ్డుకు సాయంత్రం నడకకు వెళ్ళేవారికి ఈ మధ్య విసురు వలలు పట్టుకున్న కొత్త ముఖాలు కనబడుతున్నాయి. తాతల నాటి నుంచి వల మీద బతికే బెస్తవారు కాదు. చదువుకునే కుర్రవాళ్ళు, ఉద్యోగస్తులు, నావలె పదవీ విరమణ చేసి పొద్దుపోని వాళ్ళు. అందరి ఆశా రొయ్యల మీదే. ఆ సరదాను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే నిరుడు కార్తీకంలో వరద తగ్గి నీళ్ళు తేరుకున్నాక నేనూ అందులో పడ్డవాడినే. నా ఫిర్యాదంతా ఒక్క విషయం మీద: కొత్తవాడి చేతికి దుకాణంలో అంటగడుతున్న వల కన్ను, అంటే అల్లికలోని రంధ్రం, చిటికెన వేలి కొన కూడా దూరనంత సన్నగా ఉంటోంది, అది తప్పని చెప్పేవారు ఒడ్డున ఎవరూ లేరు.

నేను కొన్నదీ అటువంటి వలే. రొయ్యలకు ఇదే సరైనదని అమ్మినవాడు చెప్పాడు, నేను నమ్మాను. పైగా తొమ్మిదడుగులది కొన్నాను. అంటే విప్పారితే పద్దెనిమిది అడుగుల వెడల్పు. అంచు చుట్టూ సీసపు గుళ్ళ బరువు, తడిసిన తర్వాత నూలు బరువు. మొదటి వారం అది విప్పారింది లేదు, మూటలాగా దబ్బున నీళ్ళలో పడడమే. నా అవస్థ చూసిన ఒక పెద్దాయన, నలభై ఏళ్ళుగా వల వేస్తున్న మనిషి, "ముందు గడ్డ మీద ఇసురు సార్, నీళ్ళ సంగతి తర్వాత సూస్తాం" అని నన్ను ఒడ్డు మీది ఖాళీ స్థలానికి తీసుకుపోయాడు. సినిమాల్లో చూసి అంచును నోట కరిచి పట్టుకోబోతే, "పండ్లు ఊడతాయి, భుజం మీద ఏసుకో" అన్నాడు. ఆయన ఇచ్చిన ఆరడుగుల వలతో పది రోజులు నేల మీదే విసిరాను. ఎడమ మోచేతి మీద ఒక పాయ, కుడి చేతిలో ఒక పాయ ఉంచుకుని, బలమంతా చేతుల నుంచి కాక నడుము తిప్పుడు నుంచి రావాలని అప్పుడు తెలిసింది. సరిగా పడిన వలను కళ్ళతో చూడనక్కరలేదు. గుళ్ళన్నీ ఒకేసారి నీటిని తాకిన చప్పుడు వింటే చాలు.

రొయ్య పగలు రాళ్ళ సందుల్లోను, నాచులోను దాగి, చీకటి పడ్డాక మేతకు ఒడ్డు వైపు వస్తుంది. అందుకని తవుడును, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్కను బంకమట్టితో ముద్ద చేసి, గుర్తుకు ఒక పుల్ల పాతిన చోట వేసి, అరగంట ఆగి, అక్కడ వల విసురుతారు. బెదిరిన రొయ్య తోకను ఒక్కసారి ముడిచి వెనక్కు దూకుతుంది కనుక వల త్వరగా మునగాలి. మునిగిన తరువాత మాత్రం తొందర పనికిరాదు. గుళ్ళు నేలకు ఆనేవరకు ఆగి, అవి నేలను రాసుకుంటూ దగ్గరకు వచ్చేటట్టు నిదానంగా లాగాలి. విసురుగా లాగితే అంచు లేచి, ఆ సందులోనుంచి రొయ్య వెళ్ళిపోతుంది.

ఇంత నేర్చుకుని, తీరా నా సన్నకన్ను వలతో మొదటిసారి బాగా విసిరిన రోజున వచ్చినవి గుప్పెడు పిల్ల రొయ్యలు. నేను సంతోషిస్తుంటే పెద్దాయన మాట్లాడకుండా వాటిని తిరిగి నీళ్ళలో పోశాడు. ఎందుకో తరువాత తెలిసింది. అవి నీలకంఠ అనే పెద్ద జాతి రొయ్య పిల్లలు. ఆ రొయ్య మంచినీటిలో పెరిగేదే అయినా, దాని పిల్లలు మొదటి కొన్ని వారాలు బతకడానికి ఉప్పు కలిసిన నీరు కావాలి. గుడ్ల రొయ్య నది వెంట కిందికి దిగి సముద్రం దరికి చేరాలి, పిల్లలు మళ్ళీ ఎదురెక్కి రావాలి. 1957లో ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగర్, ఆ తరువాత శ్రీశైలం కట్టిన కృష్ణలో అంత దూరం ఎదురీది తుంగభద్రకు రావడం ఆ పిల్లల వల్ల అయ్యే పని కాదు. కాబట్టి మన వైపు జలాశయాల్లో ఆ జాతి రొయ్య కనబడిందంటే, హేచరీ నుంచి, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం నుంచి, తెచ్చి వదిలిన పిల్ల పెరిగిందనే అనుకోవాలి. దానిని అంగుళం సైజులో పట్టి పకోడీ వేసుకుంటే తిరిగి పుట్టేది లేదు. లైసెన్సు కట్టి జలాశయంలో వల వేసేవారి నోటి కూడు అది.

అయితే అన్ని చిన్న రొయ్యలూ పిల్లలు కావు. చెరువుల్లోను, కాలువల్లోను పుట్టి పెరిగే చిట్టి రొయ్యలకు సముద్రంతో పని లేదు, వాటికి సన్నకన్ను వల వాడడంలో అన్యాయమూ లేదు. రెండంగుళాలైనా లేని రొయ్య పొట్ట కింద గుడ్లు మోస్తుంటే అది చిట్టి జాతిదని అనుభవజ్ఞులు ఇట్టే గుర్తుపడతారు. కొత్తవాడికి ఆ తేడా తెలియదు. తెలిసేదాకా అతడు రెండు వేళ్ళు దూరే కన్ను ఉన్న వలతోనే నేర్చుకోవడం సబబని నా అభిప్రాయం. ఎదిగిన రొయ్య అందులో ఎలాగూ ఆగుతుంది.

మరొక ప్రమాదం కూడా ఉంది. వల తాడును మణికట్టుకు ముడివేసి కట్టుకోవడం కొత్తవారందరూ చేసే పని. నీళ్ళు నిండినప్పుడు జలాశయాల అంచున సర్కారు తుమ్మ మొద్దులు, శ్రీశైలం వెనుక నీటిలోనైతే మునిగిన ఊళ్ళ మొండిగోడలు అడుగున ఉంటాయి. వల వాటికి తగులుకుని, కాలి కింద బురద జారితే మనిషి తాడు వెంటే పోతాడు. నాకు మోకాలి లోతులో జరిగింది కనుక ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. తాడు చివర లాగితే ఊడివచ్చే ముడి మాత్రమే ఉండాలి. కె.సి. (కర్నూలు-కడప) కాలువ వంటి ఏటవాలు గట్ల మీద కొత్తవారు అసలు విసరకూడదు.

మత్స్యశాఖవారికి నా మనవి పెద్దది కాదు. జలాశయాల్లో వేటకు లైసెన్సు అవసరమని, అనేక చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల కౌలులో ఉన్నాయని మాలో చాలామందికి తెలియదు. కర్నూలు ఘాట్ల వద్ద, సుంకేసుల ఆనకట్ట వద్ద, గాజులదిన్నె జలాశయం వద్ద ఒక్కొక్క బోర్డు పెట్టి, అక్కడ ఎవరికి వేటాడే హక్కు ఉందో, వల కన్ను ఎంత ఉండాలో, ఏ లోతు దాటి దిగరాదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. కన్ను కొలత అంకెల్లో రాస్తే సరిపోదు, ఆ కొలతతో అల్లిన వలముక్క ఒకటి బోర్డుకే బిగించాలి. ఆదివారం ఉదయాల్లో అనుభవమున్న మత్స్యకారుడొకరికి రోజుకూలి ఇచ్చి ఒడ్డున కూర్చోబెడితే, కొత్తవారు వల కొనకముందే ఆయనను అడుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు.